గ్రూపుల ఒక మాట, డాష్‌బోర్డుల ఇంకో మాట: ఎవరిని నమ్మాలె?

తమ్మీ, నీ ప్రశ్న నాకు అర్థమైన కాడికి ఇది. ముగ్గురు దోస్తులు కల్సి ఆన్‌లైన్ క్యారమ్స్ గేమ్ చేసిండ్రు, టెలిగ్రామ్ గ్రూపుల అందరు "5 నిమిషాలు సాల్తలేదు, మ్యాచ్ టైం పెంచుండ్రి" అని మొత్తుకుంటుండ్రు, డాష్‌బోర్డుల (ఆట లెక్కలు కనపడే స్క్రీన్‌ల) చూస్తే మాత్రం 10 నిమిషాల టేబుళ్లల్లనే మంది మధ్యల ఇడ్సిపెట్టి పోతుండ్రు. ఇప్పుడు టైం పెంచాల్నా తగ్గియ్యాల్నా అని ముగ్గురికి పంచాయితి నడుస్తుంది. నీ క్యారమ్స్ సంగతి ఆఖర్ల చెప్త, దానికంటె ముందుగాల మేం తిన్న దెబ్బలు చెప్త, ఎందుకంటే మీరు ఇప్పుడు నిలబడ్డ జాగల మేం రెండేండ్లు నిలబడ్డం.

మాది నల్లగొండ. నేను, ఇంకిద్దరు, ఒకడు మిర్యాలగూడ ఒకడు జడ్చర్ల, కల్సి ఒక ఆప్ నడుపుతున్నం, అండ్ల రెండే ఆటలు, పులిమేక, అష్టాచెమ్మ. పెద్ద కంపెనీ ఏం కాదు, రామగిరిల ఒక రూం, ఒక కూలరు, మామూలు దినాల్ల నాలుగైదు వందల మంది ఆడ్తరు, దసరా సెలవులల్ల జర ఎక్కువొస్తరు. కాబట్టి లక్షల మంది ఆడే గేమ్ సంగతి నేను చెప్తలేను, మన లెక్క చిన్నగ నడిపేటోళ్ల సంగతి చెప్తున్న.

ఫస్ట్ దెబ్బ పులిమేకల తాకింది. మా బోర్డుల 3 పులులు, 15 మేకలు. మేకలోడు ఒక్కొక్క మేకను పెట్టుకుంట వస్తడు, పులి మేక మీంచి దుంకి అవతల ఖాళీ గడిల పడ్డదంటే ఆ మేక పాయె, పులులకు ఎటూ మెసలకుండ కట్టేస్తే మేకలోడు గెలిచినట్టు. రెండు దిక్కుల బలం ఒక్క తీరుగ ఉండదు కద, బ్యాలెన్స్ చేసుడు అంటే ఇండ్ల అదే పెద్ద పని. ఆప్ పెట్టిన మూడో నెలల గ్రూపుల లొల్లి మొదలైంది, పులి మస్తు స్ట్రాంగుంది, ఒక పులి తీసెయ్యుండ్రి అని. మేం డాష్‌బోర్డ్ తీసి చూస్తే పులి గెలిచేది, మేక గెలిచేది దాదాపు సగం సగం. ఇగ మాకు ఎంత పొగరొచ్చిందంటే ఆ స్క్రీన్‌షాట్ గ్రూపుల పెట్టి "లెక్క సరిగ్గనే ఉంది, మీకే ఆడొస్తలేదు" అన్నట్టు రాసినం, సరిగ్గ ఆ మాటలల్ల కాదు గని అర్థం అదే. ఆ రాత్రే ఒక్క స్టార్ రివ్యూలు వరసగ పడ్డయ్. పడాలె కూడ.

తర్వాత జడ్చర్లోడు ఒకనాడు పొద్దుపోక ఆ సగం సగాన్ని ఇరగ్గొట్టి చూసిండు, ఇప్పటిదాంక 20 ఆటలు కూడ ఆడనోళ్లు ఒక దిక్కు, 200 దాటినోళ్లు ఒక దిక్కు. కొత్తోళ్లల్ల పది ఆటలకు ఏడు పులే గెలుస్తుంది, పాతోళ్లల్ల దానికి ఉల్టా, మేకలే కట్టిపడేస్తున్నయ్. రెండింటిని కలిపి భాగిస్తే సగం సగం. అంటే మా యావరేజ్ ఎట్లుందంటే కొడుకు నల్లగొండల బిడ్డ గద్వాలల ఉంటే ఇద్దరు కల్వకుర్తిల ఉంటరు అని చెప్పినట్టు, ఆడ ఎవ్వరు లేరు. పులిని తిట్టిన కొత్తోళ్లు కరెక్టే, "పులి దిక్కు వస్తే ఓడినట్టే" అని అప్పుడప్పుడు గొణిగే పాతోళ్లు కూడ కరెక్టే, తప్పు మాదే. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే పెద్ద ఆన్‌లైన్ గేమ్ చేసిన రయట్ కంపెనీ వాళ్లు కూడ ఇందుకే ఆటగాళ్లను నాలుగు గుంపులుగ, యావరేజ్, స్కిల్డ్, ఎలీట్, ప్రో అని ఇడగొట్టి ఏ గుంపుల ఏ క్యారెక్టర్ హద్దు దాటిందో చూస్తరు, ఆ సంగతి వాళ్లే బహిరంగంగ రాసి పెట్టిండ్రు. మేం అది ముందే చదివినం, అది పెద్దోళ్ల పంచాయితి మనకెందుకు అనుకున్నం.

మరి ఒక పులి తీసేసినమా? లేదు. పులిని తీసేస్తే పాతోళ్ల ఆట సచ్చిపోతుండె. కొత్తోడు ఓడేది ఎందుకంటే మేక వెనక గడి ఖాళీ ఉంటే పులి దుంకుతదని వానికి కనపడదు, అంతే. మొదటి 20 ఆటలకు ప్రమాదంల ఉన్న మేక కింద చిన్న ఎర్ర చుక్క పెట్టినం. పాతోళ్లకేమో మ్యాచంటే రెండు ఆటలు చేసినం, ఒకసారి నువ్వు పులి ఒకసారి నేను పులి, మొత్తం మీద ఎవరు ఎక్కువ మేకలు కొడితే వాళ్లది గెలుపు. ఇది గ్రూపుల ఎవ్వరు అడగలే, డేటా కూడ చెప్పలే, చిన్నప్పుడు గుడి అరుగు మీద సుద్దతోని గీసుకొని ఆడినప్పుడు అట్లనే ఆడుతుంటిమి. నొప్పి యాడుందో ఆటగాడు చెప్తే నమ్ముత, మందు ఏందో చెప్తే మాత్రం ఊకొట్టి పక్కకు పెడ్త.

రెండో దెబ్బ ఇంకా పెద్దది, ఇది డేటాను నమ్మి తిన్నది. పులిమేకల ఏడో మేక, ఎనిమిదో మేక పెట్టే టైంల మస్తు మంది ఆటల నుంచి ఎల్లిపోతున్నట్టు కనపడ్డది. గ్రాఫ్ చూస్తే ఆడ మెట్టు దిగినట్టు టక్కున దిగుతుంది. మేం ముగ్గురం కూసొని, మేకలు పెట్టుడు బోర్ కొడ్తుందని తీర్మానం చేసి, మొదటి 5 మేకలను కంప్యూటరే పెట్టేటట్టు మార్చినం. పాత ఆటగాళ్లు మండిపడ్డరు, మేక పెట్టుట్లనే సగం ఆట ఉంటది, దాన్నే మీరు గుంజుకున్నరని. మేం "డేటా చెప్తుంది" అని బిగుసుకున్నం. మరి ఎల్లిపోవుడు తగ్గిందా అంటే అదీ లేదు, మెట్టు అట్లనే ఉంది, జర ముందటికి జరిగింది, గంతే.

అసలు సంగతి దేవరకొండల తెలిసింది. మా మేనమామకు ఆడ కిరాణం దుకాణం ఉంది, ఓ పని మీద పోతే మామ గల్లా కాడ కూసొని మా ఆటనే ఆడ్తుండు. నాకు సంతోషమైంది, పక్కన స్టూలేసుకొని చూస్తున్న. ఇంతల ఒకామె వచ్చి పావుకిలో చక్కెర అన్నది, మామ ఫోన్ బోర్లేసి చక్కెర జోకిండు, చిల్లర ఇచ్చిండు, ఫోన్ తీసేవరకు ఆట పోయింది. మళ్ల మొదలువెట్టిండు, ఈసారి అత్తమ్మ ఫోన్ చేసింది, మాట్లాడి పెట్టేసేవరకు మళ్ల పోయింది. నేను నవ్వుకుంట "ఏం మామా, ఊకె మధ్యల ఎల్లిపోతున్నవ్" అన్న. "నేన్యాడ పోయిన్రా, నీ ఆటే నన్ను ఎల్లగొట్టింది" అన్నడు.

బస్సుల వాపస్ వస్తున్నంత సేపు అదే ఆలోచన. మేం ఒక్కో ఎత్తుకు 30 సెకన్లు ఇచ్చినం, రెండుసార్లు టైం దాటితే ఆట క్లోజ్, కాల్ వచ్చి ఆప్ వెనకకు పోతే కనెక్షన్ తెగుతది, అదీ క్లోజే. ఈ అన్నిటికి కలిపి మేం పెట్టిన ఈవెంట్ (ఆప్‌ల ఏదన్నా జరిగితే లెక్కల పడే గుర్తు) పేరు "ఎల్లిపోయిండు". ఈ లెక్కలు రాసే గూగుల్ టూల్ ఫైర్‌బేస్‌ల 500 రకాల ఈవెంట్ల దాంక పెట్టుకోనిస్తరు, మేం పెట్టుకున్నవి 11, అండ్ల ఈ ఒక్కటే మమ్మల్ని ముంచింది. డేటా అబద్ధం చెప్పది అంటరు గని ఆ ఈవెంట్‌కు పేరు పెట్టింది నేను, రాత్రి ఒంటి గంటకు, నిద్ర మొఖంతోని. అది లెక్క కాదు, నా అభిప్రాయమే లెక్క వేషం కట్టి నా ముందటికి మళ్లొచ్చింది.

మర్నాడే దాన్ని మూడు ముక్కలు చేసినం: బటన్ ఒత్తి పోయినోళ్లు, టైం అయిపోయి పోయినోళ్లు, నెట్ తెగి పోయినోళ్లు. రెండు వారాలకు చూస్తే తమ కోరికతోని బటన్ ఒత్తి పోయినోళ్లు చానా తక్కువ. ఏడెనిమిది మేకల కాడనే ఎందుకంటే ఆట మొదలై అప్పటికి రెండు మూడు నిమిషాలైతది, ఎవనికైనా ఏదో ఒక పని తగిలే టైం అది. కంప్యూటర్ మేకలు పెట్టుడు పీకేసి, "ఆగు, వస్త" అని ఒక బటన్, 90 సెకన్ల ఓపిక పెట్టినం. పాతోళ్లకు గ్రూపుల సారీ చెప్పుకున్నం, ఒకాయన "ఇప్పుడు తెల్సిందా" అని ఒక్క ముక్క రాసిండు, అది ఇంక స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్న.

హేలో 3 అనే తుపాకుల గేమ్ చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్లు ల్యాబ్‌ల దాదాపు 600 మందితోని 3,000 గంటలకు పైగ ఆడించి, ఎవరెవరు యాడ సస్తున్నరో మ్యాప్ మీద రంగులేసి, దాంతోపాటు ఆడేటోళ్ల వీడియోలు కూడ పక్కన పెట్టుకొని చూసిండ్రంట, 2007 నాటి మాట. లెక్క ఒక్కటే సాలదని వాళ్లకు అప్పుడే తెల్సు. మనకు ల్యాబ్ యాడుంది గని నల్లగొండ బస్టాండ్ ఉంది, హైదరాబాద్ బస్ కోసం కూసున్న పోరగానికి ఫోన్ ఇచ్చి ఆడమంటే ఆడ్తడు, నోరు మూసుకొని వాని వేలు యాడ ఆగుతుందో చూడాలె. నోరు మూసుకొనుడే కష్టం.

మూడోది చెప్తే నవ్వుతవ్. అష్టాచెమ్మకు వచ్చే రివ్యూలల్ల ఎక్కువ ఒకటే తిట్టు, గవ్వలు మీకు నచ్చినట్టు ఏస్తున్నరు, అంతా మోసం అని. పాచికలున్న ప్రతి గేమ్‌కు ఈ తిట్టు ఉంటది, లూడో ఆప్‌ల కింద చూడు కావాలంటే. మేం దీన్ని అస్సలు పట్టించుకోలే, ఎందుకంటే సివిలైజేషన్ గేమ్ చేసిన సిడ్ మైయర్ 2010ల గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌ల చెప్పిన సంగతి మాకు బాగ నచ్చింది, అవతలోనికంటె మూడింతల బలం ఉండి కూడ ఓడిపోతే ఆటగాడు ఇది అన్యాయం అంటడు, అదే తక్కువ బలంతోని గెలిస్తే మాత్రం ఏమనడు, మనిషి మనసుకు లెక్క ఎక్కదు అని. నిజమే, గొప్ప మాటే. మేం దాన్ని చెవులల్ల దూదిలెక్క వాడుకున్నం. ఎవరు తిట్టినా రివ్యూ కింద అదే జవాబు అతికించేది: నాలుగు గవ్వలు, ఒక్కోటి సగం సగం, అష్ట (నాలుగూ బోర్ల) పడే ఛాన్స్ 16ల ఒకటి, చెమ్మ (నాలుగూ నోరు పైకి) పడే ఛాన్స్ 16ల ఒకటి, లక్ష సార్లు ఏసి చూసినం, లెక్క సరిపోయింది. ప్లే స్టోర్‌ల జవాబుకు 350 అక్షరాలే ఇస్తరు, అండ్లనే ఇదంతా ఇరికించేది, అదో ప్రతిభ అనుకున్న.

మా నాయినమ్మకు చదువు రాదు, మా చెల్లె ఫోన్‌ల ఆడ్తది. ఒకనాడు ఫోన్ పక్కకు పెట్టి, "ఇవి గవ్వలు కాదురా, రూపాయి బిళ్లలు ఎగరేసినట్టున్నయ్" అన్నది. నేను అలవాటుగ 16ల ఒకటి అని మొదలువెట్టిన, ఆమె లోపలికి పోయి డబ్బల నుంచి నాలుగు గవ్వలు తెచ్చి నా ముందట పెట్టింది, ఎయ్యి అన్నది. ఇగ చూడు, ఆ ఆదివారం నేను చెల్లె మంచం మీద దుప్పటి పరిచి 250 సార్లు ఏసినం, అంటే 1,000 గవ్వలు పడ్డట్టు. పదిట్ల నాలుగు సార్లే నోరు పైకి పడుతుంది, ఆరుసార్లు బోర్ల. ఇంత తేడాకే ఏమైతదో లెక్కేసుకో: సగం సగం ఉంటే నాలుగూ బోర్లపడి అష్ట అయ్యే ఛాన్స్ 6.25 శాతం, పదిట్ల ఆరు బోర్లపడితే అది దాదాపు 13 శాతం, రెట్టింపు. చెమ్మ తగ్గుతది, గని రెండూ కలిపితే 12.5 నుంచి 15.5 శాతానికి పోతది. మేం ఆడే తీరుల అష్టో చెమ్మో పడితేనే కాయ బయటికొస్తది, పడినోనికి ఇంకోసారి ఎయ్యనిస్తరు. అంటే మా ఆప్‌ల 8 సార్లు ఏస్తే గని కాయ లేస్తలేదు, ఇంట్ల ఆరేడు సార్లకు లేస్తుంది. ఆ సప్పదనం నాయినమ్మ చేతికి తెల్సింది, మాకు తెల్వలే. మా గవ్వల సంగతి ఇది, మీ ఇంట్ల గవ్వలు ఇంకో తీరు పడొచ్చు, ఏ గవ్వ ఎంత వంపుందో దాన్ని బట్టి ఉంటది.

మరి డేటా ఎందుకు పట్టుకోలే? ఎట్ల పట్టుకుంటది, అది మేం రాసిన కోడ్‌ను మేం రాసిన కోడ్‌తోనే జోకుతుంది. తక్కెడ తప్పుంటే తక్కెడను అడిగితే చెప్తదా. తిట్టినోళ్లు "మోసం" అన్నది తప్పే, గని "ఏదో తేడా ఉంది" అన్నది నూటికి నూరుపాళ్లు నిజం, మేం మోసం అన్న మాటకు జవాబు చెప్పుకుంట తేడా అన్న మాటను వినలే. ఇప్పుడు గవ్వలకు మా దుప్పటి లెక్క పెట్టినం. ఇంకో సెట్ చింతగింజలది, బండకు రాకి ఒక పక్క తెల్లగ చేసిన గింజలు ఉంటయ్ కద, వాటిని కూడ ఏసి లెక్క రాసుకొని పెట్టినం, అవి గవ్వల లెక్క పడవు. ఇప్పటికి తిట్లు వస్తయ్, తక్కువొస్తయ్.

ఇంకొకటి, లెక్క మారకుంటనే ఆటగాని మనసు మారే సంగతి. అష్టాచెమ్మల నలుగురు ఆడేటప్పుడు ఒకడు లేచిపోతే మిగిలిన ముగ్గురి ఆట ఖరాబైతది, అందుకని బటన్ ఒత్తి పోయినోనికి 10 కాయిన్లు కోత పెట్టినం. తిట్లే తిట్లు. కోత తీసేసి, గెలిచినా ఓడినా మామూలుగ వచ్చే దాంట్ల 10 తగ్గించి, ఆట చివరిదాంక ఉన్నోనికి "పూర్తి చేసినందుకు 10" అని ఇచ్చినం. కూడి తీసేస్తే అదే లెక్క, ఒక్క కాయిన్ తేడా లేదు, ఒక్క మాట రాలే. ఇది మా తెలివి కాదు, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ 2004ల రాకముందు టెస్టింగ్‌ల ఎక్కువసేపు ఆడితే పాయింట్లు సగమైతయ్ అని పెడితే మంది ఒప్పుకోలేదంట, దాన్ని చేసిన బ్లిజార్డ్ వాళ్లు అదే లెక్కను తిప్పేసి, విశ్రాంతి తీసుకొని వస్తే 200 శాతం, మామూలుగ 100 శాతం అన్నరు, అంకెలు అవే, తిట్లు పోయినయ్. ఇసొంటివి డాష్‌బోర్డుల జన్మల కనపడవు.

కొన్నిట్ల మాత్రం ఎవరి అభిప్రాయం అక్కర్లే. ఆప్ క్రాష్ అవుడు 1.09 శాతం దాటినా, ఏఎన్ఆర్ (నాగేశ్వరరావు గారు కాదు, ఆప్ బిగుసుకపోవుడు) 0.47 శాతం దాటినా ప్లే స్టోర్ మనల్ని జనానికి కనపడకుండ వెనకకు నెడ్తది, గ్రూపుల ఎంతమంది మెచ్చుకున్నా సరే ముందు అది చూసుకో. ఒక్క మోడల్ ఫోన్‌లనే ఎక్కువ అవుతుంటే ఆ ఫోన్ వాళ్లు నీ గ్రూపుల ఉండరు, పీకేసి పోతరు. అట్లనే మా గ్రూపుల అన్నిటికంటె గట్టిగ అడిగేది పైసలు పెట్టి ఆడే టేబుల్. అది ఫీడ్‌బ్యాక్ కాదు డేటా కాదు, 2017లనే తెలంగాణల పైసల ఆన్‌లైన్ ఆటలు బంద్ చేసిండ్రు, 2025 ఆగస్టుల కేంద్రం కూడ చట్టం తెచ్చింది. పైసల టేబుల్ కావాల్నా అని గ్రూపుల పోల్ కూడ పెట్టకు.

ఇగ నీ క్యారమ్స్. ఫస్ట్, 10 నిమిషాల టేబుల్ల ఎక్కువ మంది పోతరు, పోకుంటే ఆశ్చర్యం. 5 నిమిషాలల్ల ఒక ఫోన్ కాల్ వచ్చే ఛాన్స్ ఎంతుందో 10 నిమిషాలల్ల దానికి దాదాపు డబుల్ ఉంటది. మ్యాచ్‌కు ఎంతమంది పోయిండ్రని కాదు, ఆడిన నిమిషానికి ఎంతమంది పోయిండ్రని లెక్క తియ్యి, ఆ తేడా మాయమైనా మాయమైతది. తర్వాత, పోయినోడు పోయేటప్పుడు గెలుస్తుండెనా ఓడుతుండెనా చూడు. అంతా ఓడేటోళ్లే అయితే అది టైం సమస్య కాదు, ఓటమి కనపడ్డంక కూసొని ఉండబుద్ధి కాకపోవుడు, దానికి లొంగిపోయే బటన్ పెడితే సరిపోతది.

టెలిగ్రామ్ వాళ్ల సంగతికొస్తే, వెబ్‌సైట్లను జనం ఎట్ల వాడ్తరో చూసే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2006ల రాసిన 90-9-1 లెక్క ఉంది, ఏ గుంపుల చూసినా నూటికి 90 మంది ఊకె చదువుతరు, 9 మంది అప్పుడప్పుడు అంటరు, ఒక్కడు రోజూ అంటడు అని, మా గ్రూపు అచ్చం అట్లనే ఉంది. గని ఆ ఒక్కన్ని పట్టించుకోకు అని నేనంటలేను. వాని ప్లేయర్ ఐడీ అడుగు, వాని ఆఖరి పది మ్యాచ్‌లు తీసి చూడు, 5 నిమిషాలు అయిపోయేవరకు బోర్డు మీద ఇంక కాయలు ఎన్ని మిగిలినయ్. సగం కాయలు మిగిలి ఉంటే వాళ్లు అడిగేది న్యాయమే. రెండు మూడే మిగులుతుంటే టైం మొత్తం పెంచకు, ఆఖరి కాయలకు ఒక నిమిషం ఎక్కువ ఇయ్యి. ఇప్పుడు మా కాడ ఇదే రూల్, ఎవరు ఏమన్నా జవాబు రాయకముందు వాని పది మ్యాచ్‌లు చూడాలె, చూడకుండ జవాబు రాస్తే ఆ రోజు చాయ్ వాడే తాపాలె.

ఏ బీ టెస్ట్ (సగం మందికి ఒక తీరు, సగం మందికి ఇంకో తీరు ఇచ్చి పోల్చి చూసుడు) చేస్తం అన్నవ్, మీకు రోజుకు 100 మ్యాచ్‌లే అయితున్నయ్ అంటే అప్పుడే వద్దు. 100 మ్యాచ్‌లల్ల ఏ శాతం వచ్చినా అటు పది ఇటు పది ఊగుతది, 55, 45 చూసి సంబరపడొద్దు. 1,000 అయితే మూడు అటు ఇటు. అప్పటిదాంక ఆడేటోళ్ల పక్కన కూసొనుడే నయం.

ముందుగాల ఒక పని చెయ్యి, మీ డాష్‌బోర్డుల ఆ "మధ్యల ఇడ్సిపెట్టుడు" అనేది ఏ ఈవెంట్, ఏమేమైతే అది పడుతది, కోడ్ చూసి కింద రాయి. సాయంత్రం చూసి చెప్త.